టోకు దండం

ఇంటికొక జంట రావలసిందేనని గిద్దలూరు బజారు పొడుగునా గడప గడపా తొక్కి చెప్పివచ్చిన సావిత్రమ్మకు, తెల్లవారితే శిబిరం మొదలనగా, సొంత ఇంట్లోనే జంట తప్పిపోయింది.

శిబిరమంటే జంట యోగా. అమ్మవారిశాల కల్యాణమండపంలో వారం పాటు, పొద్దున్నే. మొగుడూ పెళ్ళాలు, తల్లీ కూతుళ్ళు, అక్కాచెల్లెళ్ళు, ఎవరైనా సరే, ఒక ఇంటి నుంచి ఇద్దరు రావాలి. మహిళా సంఘానికి అధ్యక్షురాలు సావిత్రమ్మే. "ఇద్దరూ కలిసి వంగితే బంధం విరగదు" అని బ్యానరు మీద రాయించిందీ ఆవిడే. తన ఇంటి తరఫున కొడుకు ఫణికృష్ణ, కోడలు సింధు వస్తారని అందరికన్నా ముందు చెప్పుకుంది. ఆ ఫణికృష్ణ సాయంత్రం దుకాణంలో కందిపప్పు బస్తా ఎత్తబోయి, సగం ఎత్తి, అక్కడే కొడవలి మాదిరి వంగి ఉండిపోయాడు. ఆటోలో వేసుకొని వచ్చి మంచం మీద పడేస్తే, పైకప్పు చూస్తూ మూలుగుతున్నాడు.

మంచానికి ఒకపక్క సావిత్రమ్మ నిలబడింది. రెండోపక్క సింధు, చంకలో పాప వాసవి. ఇద్దరి మధ్యా మూడు మూరల దూరం, మధ్యలో ఫణి.

"ఒరే ఫణీ, నీ పెండ్లానికి చెప్పు. పొద్దున ఐదున్నరకంతా తయారుగా ఉండమను. నీ బదులు నేనే పోతాండా. ఊరందరికీ చెప్పి నా ఇంట్లోంచి జంట రాకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాల?"

"ఏమండీ, మీ అమ్మకు చెప్పండి. పాపను ఎక్కడ వదిలి వచ్చేదంట?"

"ఎక్కడా వదలొద్దులే, ఎత్తుకొనే రమ్మను. ఒకరిని నమ్మి వదిలే రకమా ఆమె?"

ఫణి కళ్ళు మూసుకున్నాడు. "అమ్మా తల్లీ, మీ ఇద్దరి మాటలూ మోసీ మోసీ పట్టింది నా నడుము. పాపం కందిపప్పును ఆడిపోసుకుంటాండాం."

ముందుగదిలో మామ రంగనాయకులు టీవీ శబ్దం ఇంకొంచెం పెంచాడు. ఇంట్లో మాటలు లేకుండా పోయిన ఈ నెల పైచిలుకు రోజుల్లో ఆయన వార్తలన్నీ పొల్లుపోకుండా వింటున్నాడు.

సంగతి ఇదీ. ఆ వీధిలో సగంమంది పిల్లలు సావిత్రమ్మ కాళ్ళ మీద స్నానం చేసి పెరిగినవాళ్ళే. పెరట్లో పీట వేసుకొని కాళ్ళు చాచి కూర్చుని, చంటిబిడ్డను మోకాళ్ళ మీద బోర్లా వేసుకొని, నూనె పట్టించి, సున్నిపిండి రుద్ది, వేడినీళ్ళు పోస్తే బిడ్డ మధ్యాహ్నం దాకా మెలకువ అన్నది ఎరగదు. వాసవికి కూడా పుట్టినప్పటినుంచీ ఆవిడే పోసింది. ఏడాది దాటిన పిల్ల ఒకనాడు గోడ మీది కాకిని చూసి ఎగిరింది. ఒంటినిండా నూనె. చేపలా జారింది. గంగాళం అంచు తగిలి నుదుట నిమ్మకాయంత బొప్పి కట్టింది.

సింధు మామూలుగానే భయస్థురాలు. రాత్రి రెండుసార్లు లేచి పాప ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకొనే మనిషి. ద్రాక్షపండును నాలుగు ముక్కలు చేసి, ఆ నాలుగింటినీ మళ్ళీ నలిపి పెట్టే మనిషి. ఏడుపు విని పరుగెత్తుకొచ్చి, పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూస్తుండగా నోటికొచ్చిన మాట అనేసింది. "పట్టుకోను చేతగాకుంటే చెప్పొచ్చు కదా! మీ చేతుల్లో బిడ్డను పెట్టడం నాదే బుద్ధి తక్కువ!"

బొప్పి రెండు రోజుల్లో తగ్గింది. మాట తగ్గలేదు. ఆనాటినుంచి సావిత్రమ్మ మనవరాలిని ముట్టుకోలేదు. పాప "అవ్వా" అని చేతులు చాస్తే, ఆవిడ చేతులు కొంగులో చుట్టుకొని లోపలికి పోతుంది. పాప ఆ తలుపు వైపు చూసి, తల్లి వైపు చూసి, ఏమీ అర్థంకాక వేలు చీకుతుంది. అది చూసినప్పుడల్లా సింధు పాపనెత్తుకొని ఆ తలుపు దాకా పోయి, వెనక్కి వచ్చేస్తుంది. అన్నం వడ్డిస్తుండగా అత్త మణికట్టు దగ్గర నల్లగా కమిలిన మచ్చ చూసింది మరి. పాప తల గంగాళానికి గట్టిగా కొట్టుకోకుండా చెయ్యి అడ్డం పెట్టినప్పుడు తగిలిన దెబ్బ అది. ఆ చెయ్యే లేకపోతే తల ఏమయ్యేదో! తప్పయింది అత్తమ్మా, బిడ్డను ఎత్తుకోండి అని అడగాలి. వంటింట్లో దోసెపిండి గిన్నెతో ఎన్నోమార్లు చెప్పి చూసుకుంది. పిండి ముందు బాగానే వచ్చే మాట, అత్త ముందు "పెరుగు అయిపోయిందని చెప్పండి" అన్నట్టుగా మారి ఫణి వైపు పోతుంది.

మర్నాడు పొద్దున సావిత్రమ్మ ముందు, పది అడుగుల వెనక పాపనెత్తుకొని సింధు, మండపానికి పోయారు. నేర్పేది సుజాత, హైస్కూల్లో వ్యాయామం టీచరు, సన్నగా వెదురు కర్రలా ఉంటుంది. జంటలు వరసగా చాపల మీద కూర్చున్నాయి. వీళ్ళ పక్క చాప మీద సుబ్బులమ్మ, ఆమె మొగుడు పెద్దయ్య. పెద్దయ్యకు డెబ్బై దాటాయి. సుబ్బులమ్మ నోటికి ఇంకా పదహారే.

"ఏం వదినా, కొడుకూ కోడలూ అని చెప్పి అత్తాకోడలు వచ్చినారే?" అంది సుబ్బులమ్మ.

"వానికి నడుము పట్టుకున్యాదిలే" అంది సావిత్రమ్మ ముక్తసరిగా.

"వానికి నడుము, మీకు నోరు. ఇంటినిండా పట్టినవాళ్ళే."

మొదట వీపుకు వీపు ఆనించి కూర్చోమంది సుజాత. కళ్ళు మూసుకొని, ఎదుటిమనిషి ఊపిరి ఎప్పుడు తీస్తే అప్పుడు తీయాలి, ఎప్పుడు వదిలితే అప్పుడు వదలాలి. సింధు వీపుకు అత్త వీపు తగిలింది. వెచ్చగా, వెడల్పుగా, మెత్తగా ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడను ఇంత దగ్గరగా తాకింది లేదు. ఊపిరి కలుపుదామని చూసింది. ఆవిడ దీర్ఘంగా తీస్తే తానూ దీర్ఘంగా తీసింది. ఆవిడ వదలనే లేదు. పంతమో ఏమో, బిగబట్టింది. సింధూ బిగబట్టింది. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి. చివరికి ఇద్దరూ ఒకేసారి బుస్సుమని వదిలేసరికి పాప చాప మీంచి చప్పట్లు కొట్టింది. అంతలో పక్కనుంచి గురక వినిపించింది.

"ఈయన పెండ్లి పీటల మీదే నిద్రపోయిన మనిషి" అంది సుబ్బులమ్మ, వీపు కొంచెం పక్కకు జరిపి. పెద్దయ్య వెల్లకిలా పడ్డాడు.

తర్వాతది నౌకాసనం. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని, చేతులు పట్టుకొని, పాదాలకు పాదాలు ఆనించి, కాళ్ళు పైకి లేపాలి. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక పడవ. సుజాత తన చెల్లెలితో చేసి చూపించింది. చూసేందుకు చక్కగానే ఉంది.

సింధు అత్త చేతులు పట్టుకుంది. కాళ్ళు ముందుకు పెట్టింది. ఆమె పాదం అత్త పాదానికి తగిలింది.

కాలు తగిలితే వెంటనే ఆ మనిషిని తాకి కళ్ళకద్దుకోవాలని సింధుకు పుట్టిల్లు కొమరోలులో వాళ్ళ జేజమ్మ నేర్పింది. పుస్తకానికి కాలు తగిలినా, చాటకు తగిలినా, బస్సులో ముక్కూమొహం తెలియని మనిషికి తగిలినా, చెయ్యి తనంతట తానే పోయి తాకి కళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది. అట్లాంటిది అత్త పాదానికి తన అరికాలా? సింధు చటుక్కున చేతులు వదిలేసి, వంగి, అత్త పాదాలు తాకి కళ్ళకద్దుకుంది.

కాళ్ళకు దండం పెట్టిన కోడలికి దీవెన ఇవ్వకుండా ఏ అత్త చెయ్యీ ఊరుకోదు. సావిత్రమ్మ కుడిచెయ్యి గాలిలోకి లేచింది. "దీర్ఘసుమంగళీ భవ" అంది, అంటూనే దభీమని వెనక్కి పడింది.

మండపం గొల్లుమంది.

నెల తర్వాత అత్తాకోడళ్ళ మధ్య నేరుగా నడిచిన మొదటి మాట అది. అన్నందుకు సావిత్రమ్మ మూతి బిగించుకొని లేచింది. మళ్ళీ చేతులు పట్టుకున్నారు. మళ్ళీ కాలు తగిలింది. మళ్ళీ సింధు వదిలింది. "దీర్ఘసుమంగ..." దభీ!

"అమ్మా, ఇక్కడ తగలాల్సిందే కదమ్మా, అది ఆసనం" అంది సుజాత.

"తెలుసు మేడం. నా చెయ్యే తెలుసుకోవడం లేదు" అంది సింధు ఏడుపు మొహంతో.

మూడోసారి పడ్డాక సావిత్రమ్మ జుట్టు ముడి వేసుకుంటూ, ఎవరికీ కాకుండా మండపం స్తంభానికి చెప్పింది. "పట్టుకున్న చేతులు వదిలేసేది ఎవరో అందరూ చూస్తాండారు కదా. చాలు నాకు."

నవ్వుతున్నవాళ్ళకు అది ఇంకో నవ్వు. సింధుకు మాత్రం చెంప మీద చరిచినట్టయింది. వదిలింది తనే.

ఈ గొడవలో చాప దిగి వచ్చిన పాప, కాళ్ళు చాచి కూర్చున్న అవ్వను చూసింది. ఆ కాళ్ళు అట్లా చాచి ఉంటే ఏం చేయాలో ఆ పిల్లకు పుట్టినప్పటినుంచీ తెలుసు. పోయి, మోకాళ్ళ మీద బోర్లా పడుకొని, బుగ్గ ఆనించి, కళ్ళు మూసుకుంది. నీళ్ళు పోస్తారని.

సావిత్రమ్మ రెండు చేతులూ పైకెత్తేసింది, పోలీసు తుపాకి చూపించినట్టు. కిందికి దించలేదు. పిల్ల వైపు చూడలేదు కూడా. మోకాళ్ళు మాత్రం కదపలేదు. సింధు వచ్చి పాపను లాక్కోవలసి వచ్చింది. పాప పెట్టిన ఏడుపుకు పెద్దయ్య కూడా లేచాడు.

రెండోరోజూ అంతే. తడవకొక దండం, దండానికొక దీవెన, దీవెనకొక పడటం. వీళ్ళ పడవ ఒడ్డు దాటకుండానే మునుగుతోంది. చివరికి సుబ్బులమ్మకే ఓపిక పోయింది.

"ఏమ్మే సింధూ, కోమటోళ్ళ కోడలివై ఉండి ఈ చిల్లర బేరం ఏందే? పొద్దుగాల ఒక్కసారి టోకుగా దండం పెట్టేయ్. వారానికంతా సరిపోయేటట్టు. వదినా, నువ్వు కూడా దీవెన బస్తా లెక్కన ఇచ్చేయ్. మళ్ళా మళ్ళా విడివిడిగా తూచొద్దు."

సుజాత పొట్ట పట్టుకొని నవ్వింది. సావిత్రమ్మ మొహం అటు తిప్పుకుంది గానీ, ఆ భుజాలు కదిలినట్టు సింధుకు అనిపించింది.

మర్నాడు చాప పరిచాక సింధు సాష్టాంగంగానే పడింది. తగిలిన కాళ్ళకూ, తగలబోయే కాళ్ళకూ, ఆదివారం దాకా తగిలే కాళ్ళన్నిటికీ కలిపి దండం పెట్టింది. సావిత్రమ్మ రెండు చేతులూ ఎత్తి, "దీర్ఘసుమంగళీ భవ, దీర్ఘసుమంగళీ భవ, ఇంకా ఎన్ని కావాలంటే అన్ని భవ" అనేసింది. అని, తన మాటకు తానే కిసుక్కుమంది.

ఆ పొద్దు పడవ లేచింది. పాదాలకు పాదాలు ఆనాయి. సింధు చెయ్యి ఒక్కసారి అలవాటు కొద్దీ గుంజుకుంది. "టోకు! టోకు!" అని పక్కనుంచి సుబ్బులమ్మ అరిచింది. సింధు పళ్ళు బిగించి పట్టుకుంది. నాలుగు కాళ్ళూ గాలిలో లేచాయి. సావిత్రమ్మ పట్టీల కాలు, సింధు మెట్టెల కాలు, ఒకదానికొకటి ఆనుకొని. రెండు పాదాల మధ్య నుంచి అత్త మొహం కనిపించింది. కళ్ళు పెద్దవి చేసుకొని, నోరు బిగించుకొని, నవ్వును ఆపుకోలేక ముక్కుతో వదులుతోంది. సింధుకు కడుపులోంచి తన్నుకొచ్చింది. అంతే, ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఆపుదామంటే ఆగదు. ఒకరి నవ్వు చేతుల్లోంచి రెండోవాళ్ళకు పాకుతోంది. పడవ తుఫానులో చిక్కినట్టు ఊగింది.

"నవ్వొద్దు, పడతాం" అంది సావిత్రమ్మ.

"మీరే నవ్వుతాండారు" అంది సింధు.

"లాగు! లాగు! నా నడుము!"

"లాగుతాండా అత్తమ్మా, మీరు బరువు!"

"ఎవరే బరువు?"

పడ్డారు. ఈసారి ఇద్దరూ పక్కకు, ఒకరి మీదొకరు, చేతులు వదలకుండానే.

మండపంలో ఉన్నంతసేపూ ఇక మాటలే. లాగు, వంగు, మోకాలు జరుపు, నీ జడ నా మొహాన కొట్టొద్దు. గడప దాటి చెప్పులు వేసుకునేసరికి మళ్ళీ పది అడుగుల దూరం. ఇంటికొచ్చాక "ఒరే ఫణీ, నీ పెండ్లానికి చెప్పు." పాప చేతులు చాస్తే కొంగులో చేతులు. నౌకాసనం కుదిరింది, పాప సంగతి కుదరలేదు. అడగాలి అనుకుంటూనే సింధుకు వారం గడిచిపోతోంది. శిబిరం అయిపోతే ఆ కాస్త లాగూ, వంగూ కూడా ఉండవు. అప్పుడిక ఎక్కడ అడిగేది?

ఆఖరి రోజు అందరి ముందూ చేసి చూపించాలి. ఊళ్ళో పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. ఫణి నడుముకు బెల్టు కట్టుకొని, రోకలి మింగినట్టు నిటారుగా వచ్చి, వెనక గుమ్మం దగ్గర చేతుల కుర్చీలో దిగబడ్డాడు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టి సింధు వందసార్లు చెప్పింది.

"గట్టిగా పట్టుకోండి. అటు మెట్లుండాయి. బిస్కెట్ ముక్కలు చేసి పెట్టండి. నీళ్ళు..."

"పో తల్లీ. నా బిడ్డే అది."

చివర చేయవలసింది కుర్చీ ఆసనం. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, కాలివేళ్ళకు కాలివేళ్ళు ఆనించి, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకొని, చేతులు సాగేదాకా వెనక్కి వాలి, గాలిలో కుర్చీ ఉన్నట్టు కూర్చోవాలి. ఒకరు వదిలితే రెండోవాళ్ళు నేలమీదే. సింధు అత్త మణికట్టు పట్టుకుంది. కమిలిన మచ్చ ఉన్న చెయ్యే. మచ్చ పోయింది గానీ చోటు సింధుకు గుర్తే. ఈ ఒక్కరోజు చచ్చినా వదలను అనుకుంది మనసులో. ఊరందరి ముందూ వదలను. ఆకాశం ఊడిపడినా సరే. ఇది కుదిరితే, ఇదే ఊపులో అడిగేస్తాను.

ఇద్దరూ వాలారు. కూర్చున్నారు. చప్పట్లు మొదలయ్యాయి. సావిత్రమ్మ మొహం గుమ్మం వైపు, సింధు వీపు గుమ్మం వైపు.

ఉన్నట్టుండి సావిత్రమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

"వదులు" అంది.

సింధు ఇంకా గట్టిగా పట్టుకుంది. "వదలను అత్తమ్మా."

"వదలమ్మే!"

"మీరేం భయపడొద్దు. నేను పట్టుకొని ఉండా."

"అయ్యో నా తల్లీ, వదలవే! పిల్ల..."

"ఈ పొద్దు నా చేతులు తెగినా వదిలేది లే!"

చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి. కోడలంటే ఇట్లుండాలని ముందు వరసలో ఎవరో అన్నారు కూడా. వెనకనుంచి "పాపా! పాపా! నేను లేవలేకపోతాండా, ఎవరన్నా పట్టుకోండి!" అని ఫణి పెట్టిన కేక ఆ చప్పట్లలో కలిసిపోయింది.

సావిత్రమ్మ ఇక చెప్పడం మానేసింది. అరవై ఏళ్ళ మనిషి ఒక్క ఊపున లేచి నిలబడి, రెండు చేతులకూ వేలాడుతున్న కోడలితో సహా గుమ్మం వైపు పరుగు అందుకుంది. సింధు వెనక్కి వెనక్కి పరుగెత్తింది. రెండు చాపలు దాటారు. పెద్దయ్యను దాటారు. సుబ్బులమ్మ "అమ్మో!" అని పక్కకు దొర్లింది. తిరగలి తిరిగినట్టు ఇద్దరూ ఒక చుట్టు చుట్టి గుమ్మం దగ్గరికొచ్చేసరికి, సింధుకు కనిపించింది. వాసవి పై మెట్టు అంచున నిలబడి ఉంది. నోట్లో ఎవరిదో చెప్పు పట్టీ. ఒక కాలు కిందిమెట్టు కోసం గాలిలో వెతుకుతోంది.

అప్పుడు కూడా సింధుకు చేతులు వదలాలని తోచలేదు. గుంజుకొని ఒక చెయ్యి విడిపించుకున్నది సావిత్రమ్మే. ఆ చెయ్యి కొంగలా పోయి పిల్ల నడుము చుట్టి, గాలిలోకి లేపి, చంకలో వేసుకుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపల. రెండో చెయ్యి ఇంకా సింధు గుప్పిట్లోనే ఉంది.

ముందు వరసలోని పెద్దాయనొకరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "భలే, భలే! ఇది ఏ ఆసనం మేడం?"

సుజాత తన చెల్లెలి మొహం చూసింది.

"మనవరాలాసనం" అంది సుబ్బులమ్మ నేలమీంచి. "ముసలోళ్ళు మాత్రమే చేయాల. మీరు ఇంటికాడ ప్రయత్నం చేయొద్దండి."

ఆ నవ్వుల్లో సావిత్రమ్మ తన చంక వైపు చూసుకుంది. అక్కడ పిల్ల ఉంది. చెప్పు వదిలేసి, అవ్వ నల్లపూసలు నోట్లో పెట్టుకొని, ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నట్టు ధీమాగా ఉంది. సావిత్రమ్మ చేతులు బిగుసుకున్నాయి. పిల్లను సింధు వైపు చాపింది. మొహం చూడకుండా, "ఇంద. పట్టుకో" అంది.

సింధు తీసుకోలేదు. దోసెపిండికి చెప్పుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"నా చేతులు చూడండి అత్తమ్మా, ఎట్ల వణుకుతాండాయో. మీవి వణకడం లే. మీ దగ్గరే ఉండనీండి." ఊపిరి తీసుకుంది. "ఆ పొద్దు కూడా మీవి వణకలేదు. మీ చెయ్యి అడ్డం లేకుంటే బిడ్డ తల పగిలుండేది. మీ మణికట్టు చూసినప్పుడే తెలిసె నాకు. నోరు రాలేదు. నన్ను ఏమన్నా అనండి. బిడ్డను మాత్రం ఎత్తుకోండి."

సావిత్రమ్మ పిల్లను చంకలో పైకి ఎగదోసుకుంది. సింధు పట్టుకున్న చేత్తోనే కొంగు అందుకొని పిల్ల మూతి తుడిచింది, ఆ కొంగుతోనే తన కళ్ళూ తుడుచుకుంది. తర్వాత మొదలుపెట్టింది.

"ఇప్పుడా చెప్పేది? అప్పుడే తెలిసిందంట, ఇప్పుడు చెప్తాందంట! నెల దాటె. పిల్ల తల చూసినావా, కొబ్బరిపీచు మాదిరి ఎట్లయిపోయిందో? నూనె పెట్టడం అంటే బొట్టు పెట్టడం అనుకుంటివా? వదులు వదులు అంటే పట్టుకుంటావు, పట్టుకో పట్టుకో అంటే వదుల్తావు. ఏం మనిషివే నువ్వు? ఇట్ల పట్టుకుంటే రక్తం ఆడుతుందా? ఇడువు ముందు నా చెయ్యి!"

సింధు అప్పుడు చూసుకొని వదిలింది.

ఫణిని కుర్చీలోనే వదిలేసి మెట్లు దిగారు. సావిత్రమ్మ తిడుతూనే ఉంది. పాపకు వేసిన గౌను దగ్గరనుంచి, వారం క్రితం చారులో ఎక్కువైన చింతపండు దాకా, నెలరోజులుగా ఫణి ద్వారా పంపలేకపోయిన తిట్లన్నీ ఒకటొకటిగా బయటికి తీస్తోంది. సింధు పది అడుగుల వెనక కాదు, పక్కనే, మోచెయ్యి మోచెయ్యి రాసుకుంటూ నడుస్తోంది. ఒక్కో తిట్టుకూ నవ్వొస్తోంది. పెదవి కొరుక్కుంటోంది. కాళ్ళు నేల మీద ఆనుతున్నట్టే లేదు. చెప్పులు మండపం దగ్గరే మరిచిపోయిందని సగం దారిలో గానీ తెలియలేదు.

"ఏంది వదినా, నడివీధిలో కోడల్ని అట్ల తిడతాండావు?" అంది వెనకనుంచి సుబ్బులమ్మ.

"నా కోడలు, నేను తిట్టుకుంటా. నీకేంది? నీ మొగుడు మండపంలో నిద్రపోతాండాడు, పో, లేపుకోపో!"

బస్టాండు మలుపులో ఇడ్లీ బండి దగ్గర ఆగారు. సావిత్రమ్మ ప్లేటు అందుకొని, ఇడ్లీ చిదిమి, చట్నీలో అద్దబోయింది.

"అత్తమ్మా, చట్నీ వద్దు, కారం" అంది సింధు.

"నాకు తెల్దా? రవంత అద్దితే ఏం కాదు. నోటికి రుచి తెలియద్దా?"

"డాక్టరు వద్దన్నాడు."

"ఆ డాక్టరుకు నీళ్ళు పోసి పెంచింది నేనే. వాడు చట్నీ తిని పెరిగినోడే."

"అయినా వద్దు. వట్టిది పెట్టండి."

"నేనేమన్నా మిరపకాయ బజ్జీ పెడతాండానా? సరే, చక్కెర అద్దుతా."

"చక్కెర అసలే వద్దు!"

"అయితే నా తలకాయ పెట్టనా?"

బండివాడు గరిటె పట్టుకొని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. వాళ్ళు ఇద్దరూ చట్నీ గిన్నెకు అటొకరూ ఇటొకరూ వంగి, గొంతులు పెంచి, చేతులు తిప్పుతూ వాదించుకుంటూనే ఉన్నారు. అవ్వ చంకలోంచి వాసవి ఒక చెయ్యి చాపి, ఐదు వేళ్ళూ చట్నీలో ముంచి, నోట్లో పెట్టుకుంది.